వెనిగర్ వాసన పట్టగలరా?

మీ ఇంట్లో అటక మీద అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ ఉందా? ఒకసారి కిందికి దించండి. అది ఆడాలంటే వీసీఆర్ కావాలి. జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో వాటి తయారీ ఆపేసింది. టేపు బాగున్నా, దాన్ని ఆడించే యంత్రం, ఆ యంత్రాన్ని బాగుచేసే మనిషి దొరకడం కష్టమైపోయింది. ఆ పని నేర్చుకున్నవాళ్లకు ఇప్పుడు గిరాకీ ఉంది.

‘అంతా డిజిటల్ అయ్యాక ఇంకా రీళ్లేంటి?’ అంటారేమో. డిజిటల్ చేయాలంటేనే రీలు తెలిసినవాళ్లు కావాలి. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు! స్కానర్‌కు ఎక్కించేముందు ఇదంతా చేత్తో తిప్పుతూ చిరిగిన అంచులు, ఊడిన అతుకులు సరిచేయాలి. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. తర్వాతి ఎసిటేట్ ఫిల్మ్ పాడవుతుంటే వెనిగర్ వాసన వేస్తుంది. అలాంటి డబ్బాను వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయాలి. కొన్ని ఆడియో టేపులు తేమకు జిగురెక్కుతాయి. వాటిని 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి వెచ్చబెట్టాకే ప్లే చేస్తారు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ఆలస్యమైతే ఏమవుతుందంటారా? మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు దొరకడం లేదు. ‘ఆలం ఆరా’దీ అదే కథ.

కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఫిల్మ్ జబ్బులు త్వరగా అర్థమవుతాయి. ఈసీఈ వాళ్లు పాత డెక్కులు బాగుచేయొచ్చు. లైబ్రరీ సైన్స్ వాళ్లకు క్యాటలాగింగ్ ఉంది. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దీనిపై వర్క్‌షాపులు నిర్వహిస్తోంది. 2019లో హైదరాబాద్‌లోనే పెట్టింది. పుణెలో 1964లో ఏర్పడి, ఇప్పుడు ఎన్ఎఫ్‌డీసీ కింద ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్, చెన్నైలో రీస్టోరేషన్ చేసే ప్రసాద్ సంస్థ ప్రకటనలపై ఓ కన్నేయండి. వేల ఉద్యోగాలేం లేవు, ముందే చెబుతున్నాం. ప్రాజెక్టుల వారీగా పనిచేయడానికి సిద్ధపడాలి.

అన్నట్టు, ఆ పెళ్లి క్యాసెట్‌ను అప్పుడే వీసీఆర్‌లో పెట్టేయకండి. దాని అద్దంలోంచి టేపు చుట్ట అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆగండి. అది యంత్రం హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్‌నూ పాడుచేస్తుంది.