లాటరీ టికెట్ 2 డాలర్ల నుంచి 5 డాలర్లు అయింది, ఇంకా కొనొచ్చా?

పోయిన వారం న్యూజెర్సీ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఎంఎస్ చేస్తున్నాడు, రూమ్‌లో మొత్తం నలుగురు. "అన్నా, మేం వారానికి తలా 5 డాలర్లు వేసుకుని మెగా మిలియన్స్ కొంటాం. ఇదివరకు 20 డాలర్లకు 10 టికెట్లు వచ్చేవి, ఇప్పుడు నాలుగే. కానీ ప్రైజులు పెంచాం అంటున్నారు. మాకు లాభమా, నష్టమా?" అని అడిగాడు. నలుగురిలో ముగ్గురికి ఎడ్యుకేషన్ లోన్ ఉందట. అందుకే "లాటరీ వేస్ట్ రా" అని ఒక్క ముక్కలో కొట్టిపారేయకుండా లెక్క వేసి చూద్దాం అనుకున్నా.

ముందు ఏం మారిందో చూద్దాం. మెగా మిలియన్స్ అంటే అమెరికాలో చాలా రాష్ట్రాలు కలిసి ఆడించే లాటరీ. మంగళవారం, శుక్రవారం డ్రా. 1 నుంచి 70 లోపు ఐదు నంబర్లు, దాంతో పాటు మెగా బాల్ అని ఇంకో నంబర్. 2025 ఏప్రిల్‌లో టికెట్ ధర 2 డాలర్ల నుంచి 5 డాలర్లకు పెంచారు. జాక్‌పాట్ ఇంతకుముందు 2 కోట్ల డాలర్లతో మొదలయ్యేది, ఇప్పుడు 5 కోట్లతో మొదలవుతుంది. మెగా బాల్ నంబర్లు 25 నుంచి 24కి తగ్గించారు. ప్రతి టికెట్‌కీ ఒక మల్టిప్లయర్ ఇచ్చేస్తున్నారు, 2 నుంచి 10 రెట్ల దాకా. అంటే జాక్‌పాట్ కాని ఏ ప్రైజు తగిలినా కనీసం రెండింతలు వస్తుంది.

ఎందుకు పెంచారు? జనానికి జాక్‌పాట్ మొహం మొత్తింది. 10 కోట్లు, 20 కోట్లు అంటే ఎవరూ తల తిప్పి చూడట్లేదు, 100 కోట్లు దాటితేనే షాపుల ముందు క్యూలు. టికెట్ ధర పెంచితే జాక్‌పాట్ తొందరగా ఉబ్బుతుంది, హెడ్‌లైన్ తొందరగా వస్తుంది. అదీ ప్లాన్.

సరే, గెలిచే ఛాన్స్ ఎంత? ఇదివరకు 30,25,75,350లో ఒకటి. ఇప్పుడు 29,04,72,336లో ఒకటి. చూడ్డానికి ఛాన్స్ పెరిగినట్టే ఉంది కదా. 29 కోట్లు అంటే ఎంతో ఊహకు అందదు కాబట్టి ఇలా అనుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, అంతా కలిపితే 25 కోట్ల చిల్లర. దానికి ఇంకో 4 కోట్ల మందిని తెచ్చి కలపండి. ఆ మొత్తంలో ఒకే ఒక్కరి పేరు చీటీ తీస్తారు. ఆ చీటీ మీదే అవ్వాలి.

ఇప్పుడు మన తమ్ముడి 20 డాలర్ల సంగతి. పాత రేటుకి 10 టికెట్లు, అంటే జాక్‌పాట్ ఛాన్స్ సుమారు 3 కోట్లలో ఒకటి. కొత్త రేటుకి 4 టికెట్లు, అంటే 7 కోట్ల 26 లక్షల్లో ఒకటి. అదే డబ్బుకి ఛాన్స్ సగానికన్నా కిందికి పడిపోయింది. టికెట్‌ని చూస్తే మెరుగు, జేబుని చూస్తే తరుగు.

కానీ ఇక్కడ లాటరీ వాళ్ల వైపు కూడా ఒక మాట చెప్పాలి. 29 కోట్ల టికెట్లూ మనమే కొనేశాం అనుకోండి. జాక్‌పాట్ వదిలేసి, మిగతా ప్రైజుల కింద వెనక్కి వచ్చేదాన్ని టికెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో టికెట్ సగటు విలువ వస్తుంది. పాత 2 డాలర్ల టికెట్‌కి అది దాదాపు 25 సెంట్లు. కొత్త 5 డాలర్ల టికెట్‌కి 1 డాలర్ 12 సెంట్లు. అంటే డాలర్‌కి 12 సెంట్ల నుంచి 22 సెంట్లకు పెరిగింది. ఇది నిజంగా మెరుగే, కాదనను. అయితే జాక్‌పాట్ మొదటి అంకెను కలిపినా ఇంకో 8, 9 సెంట్లే వస్తాయి. కలిపి 1 డాలర్ 20 సెంట్లు. కొన్న నిమిషంలోనే 3 డాలర్ల 80 సెంట్లు పోయినట్టు. పాత టికెట్‌లో పోయేది 1 డాలర్ 70 సెంట్ల చిల్లర.

మెలిక ఇక్కడే ఉంది. మనుషులు "నెలకి ఇన్ని డాలర్లు" అని లెక్క పెట్టుకుని లాటరీ కొనరు. "డ్రాకి ఒక టికెట్" అని కొంటారు. పెట్రోల్ కొట్టించుకుని, కౌంటర్ దగ్గర ఒకటి ఇవ్వు అంటారు. టికెట్ల సంఖ్య అదే, నష్టం మాత్రం డబుల్ కన్నా ఎక్కువ. మన తమ్ముడి గ్యాంగ్ 20 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, అది మంచిదే.

అయినా వాళ్ల ఏడాది ఖర్చు చూడండి. వారానికి 4 టికెట్లు, ఏడాదికి 208. ఖర్చు 1,040 డాలర్లు. ఏదో ఒక ప్రైజు తగిలే ఛాన్స్ 23లో ఒకటి, కాబట్టి ఏడాదికి ఓ 9 సార్లు "తగిలింది రోయ్" అని అరుస్తారు. తగిలేవాటిలో నూటికి 92 పైగా 10 నుంచి 70 డాలర్ల మధ్యవే. లక్షలు, మిలియన్లు ఇచ్చే పెద్ద ప్రైజులు పక్కన పెడితే, ఏడాదికి సగటున వెనక్కి వచ్చేది 175 డాలర్ల చుట్టుపక్కల. మిగతా 865 పోయినట్టే. తలా 216 డాలర్లు. లోన్ ఉన్న కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు.

"మరి జాక్‌పాట్ బాగా పెరిగినప్పుడే కొంటే?" అని కామెంట్స్‌లో అడుగుతారని తెలుసు. జాక్‌పాట్ అంటే బోర్డు మీద రాసే అంకె కాదు. అది 30 వాయిదాల్లో, ఏటా 5 శాతం పెరుగుతూ ఇచ్చే మొత్తం. 5 కోట్ల జాక్‌పాట్ కొడితే మొదటి ఏడాది చేతికొచ్చేది ఏడున్నర లక్షల డాలర్లు, అదీ ట్యాక్స్‌కి ముందు. మొత్తం ఒకేసారి కావాలంటే ఉజ్జాయింపుగా సగమే ఇస్తారు. ఈ లెక్కన టికెట్ విలువ 5 డాలర్లు కావాలంటే బోర్డు మీద అంకె 225 కోట్ల డాలర్లు దాటాలి. మెగా మిలియన్స్ చరిత్రలో పెద్దది 2023 ఆగస్టులో ఫ్లోరిడాలో తగిలిన 160 కోట్లు. పవర్‌బాల్‌లో 2022 నవంబర్‌లో కాలిఫోర్నియాలో 204 కోట్లు తగిలింది. అదీ సరిపోదు. పైగా ట్యాక్స్ ఇంకా కలపలేదు. జాక్‌పాట్ పెరిగేకొద్దీ కొనేవాళ్లూ పెరుగుతారు, పంచుకోవాల్సి వస్తుంది. 2016 జనవరిలో పవర్‌బాల్ 158 కోట్ల పైచిలుకు జాక్‌పాట్ మూడు టికెట్లకు పంచారు.

పుట్టినరోజు నంబర్లు పెట్టేవాళ్లకి ఒక చిన్న ముక్క. దానివల్ల ఛాన్స్ తగ్గదు, పెరగదు. కానీ తేదీలన్నీ 31 లోపే కాబట్టి మీలాగే పెట్టినవాళ్లు ఎక్కువమంది ఉంటారు. తగిలితే పంచుకునే ప్రమాదం ఎక్కువ. న్యూమరాలజీ చెప్పే లక్కీ నంబర్ సంగతి నన్ను అడగకండి ప్లీజ్.

వీసా గురించి కూడా అడిగాడు. ఎఫ్-1 అయినా హెచ్-1బి అయినా కొనడానికి అడ్డేం లేదు, సిటిజన్ అయ్యి ఉండాలని రూల్ లేదు. కానీ ఎఫ్-1 మీద ఉన్నవాళ్లని మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ ఇయర్స్ ట్యాక్స్ కోసం నాన్ రెసిడెంట్‌గా చూస్తారు. పెద్ద ప్రైజు తగిలితే 30 శాతం ముందే కోస్తారు. నలుగురు కలిసి కొంటుంటే టికెట్ ఫొటో తీసి డ్రాకి ముందే గ్రూప్‌లో పెట్టుకోండి, ఎవరెంత వేశారో రాసుకోండి. ఫ్రెండ్‌షిప్ కదా అని వదిలేయొద్దు.

ఇండియాలో కూర్చుని చూస్తున్నవాళ్లు ఇది వినండి. "హైదరాబాద్ నుంచే అమెరికా లాటరీ కొనండి" అని యాప్ యాడ్స్ వస్తుంటాయి. లాటరీ టికెట్ల కోసం ఇక్కడి నుంచి బయటి దేశానికి డబ్బు పంపడం ఫెమా రూల్స్ ప్రకారం నిషేధం, 2000 నుంచీ ఉన్న రూలే. కార్డుతో కట్టినా అంతే. ఇక "మీకు మెగా మిలియన్స్ తగిలింది, ప్రాసెసింగ్ ఫీజు 15 వేలు కట్టండి" అని వాట్సాప్ వస్తే, మీరు టికెట్ కొన్నారా అని మిమ్మల్ని మీరే అడగండి. కొనకపోతే తగలదు. నంబర్ బ్లాక్ చేసేయండి, అమ్మానాన్నల ఫోన్‌లో కూడా ఒకసారి చూడండి.

తమ్ముడూ, నా జవాబు ఇది. వారం వారం వేసుకోవడం ఆపేయండి. నలుగురూ కూర్చుని "కొడితే ఏం చేద్దాం" అని మాట్లాడుకోవడమే మీకు సరదా అయితే, నెలకి ఒక్క టికెట్ కొనండి, తలా డాలర్ పావు పడుతుంది. ఆ కబుర్లకి నాలుగు టికెట్లు అక్కర్లేదు. మిగిలింది లోన్ అకౌంట్‌లో వేసేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూ గురించి. ఉంటానండీ.