ఆకు చెప్పే యుద్ధకథ

ఫిల్మ్ రీలు లేదు. రసాయనాలు లేవు. డార్క్‌రూమ్ అసలే లేదు. ఉన్నదల్లా ఒక పచ్చటి ఆకు, పైన కాసే ఎండ. వాటితోనే యుద్ధంలో కన్నుమూసినవారి ముఖాలకు మళ్లీ రూపమిస్తున్నారు బిన్ డాన్.

1977లో వియత్నాంలో పుట్టారాయన. అప్పటికి యుద్ధం ముగిసి రెండేళ్లయింది. పసితనంలోనే కుటుంబంతోపాటు శరణార్థిగా అమెరికా చేరారు. కాలిఫోర్నియాలో పెరిగారు, ఫొటోగ్రఫీ చదివారు. ఓ వేసవిలో లాన్‌లో పడి ఉన్న నీళ్ల పైపు కింద గడ్డి రంగు మారడం ఆయన కంట పడింది. ఎండ తగిలిన చోట ఒకలా, తగలని చోట మరోలా! గడ్డి మీద గీత పడినప్పుడు ఆకు మీద ముఖం ఎందుకు పడదు? అక్కడ మొదలైంది ప్రయోగం.

ఎండే చిత్రకారుడు!

ముందుగా పాత ఫొటోను పారదర్శకమైన ఫిల్మ్ మీదకు తెస్తారు. దాన్ని తాజా ఆకు మీద పరిచి, గాజుపలకతో అదిమి ఎండలో పెడతారు. ఫిల్మ్‌పై నల్లగా ఉన్న భాగం ఆకుకు నీడనిస్తుంది కాబట్టి అక్కడ పచ్చదనం నిలుస్తుంది. మిగిలిన చోట ఎండ తగిలి పత్రహరితం వెలిసిపోతుంది. రోజులు గడిచేకొద్దీ కళ్లు, ముక్కు, పెదవులు ఒక్కొక్కటే తేలతాయి. ఈలోపు ఆకు వాడినా, కుళ్లినా మళ్లీ మొదటికే! బాగా కుదిరినవాటిని రెజిన్‌లో పొదిగి భద్రపరుస్తారు.

ఈ ఆలోచనకు మూలం పాతదే. 1842లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ పూల రసం పూసిన కాగితాలను ఎండలో పెట్టి బొమ్మలు రాబట్టారు. ఆ పద్ధతి పేరు ఆంథోటైప్. కానీ బొమ్మ రావడానికి రోజులు పట్టేది. వచ్చింది కూడా వెలుగు తగిలితే మాసిపోయేది. అలాంటి ఫొటో ఎవరు కొంటారు? అందుకే మూలన పడింది.

ఆకే ఎందుకు?

వియత్నాం యుద్ధంలో ఆకు కూడా శత్రువే. అడవుల్లో దాక్కున్న గెరిల్లాలు కనిపించాలని 1961 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు కోట్ల లీటర్ల కలుపు మందులు చల్లి చెట్ల ఆకులు రాల్పించాయి. ఏజెంట్ ఆరెంజ్ వాటిలో ఒకటి. చనిపోయినవారు మట్టిలో కలుస్తారు, ఆ మట్టిలోంచే మొక్క లేస్తుంది... డాన్ చిత్రాల వెనక ఉన్న భావన ఇదే. ఆయనకు అటు, ఇటు అన్న తేడా లేదు. ఒక్క వారంలో చనిపోయిన 242 మంది అమెరికా సైనికుల వివరాలను, వారిలో ఎక్కువ మంది ఫొటోలతో 1969 జూన్ 27న 'లైఫ్' పత్రిక ప్రచురించింది. ఆ ముఖాలనూ ఆయన ఆకుల మీదకు తెచ్చారు.

పొరుగునున్న కంబోడియానూ మరవలేదు. ఖ్మేర్ రూజ్ పాలనలో తువోల్ స్లెంగ్ జైలుకు తెచ్చిన ఖైదీలకు ఫొటోలు తీసేవారు. ఆ తర్వాత దాదాపు అందరినీ చంపేశారు. జైలు లెక్కల కోసం తీసిన ఆ ఫొటోల్లో చాలామంది పేర్లు కూడా తెలియవు. వాళ్లలో కొందరి ముఖాలు ఇప్పుడు ఆకుల మీద ఉన్నాయి.