ఫుట్‌పాత్ నుంచి ఇంటిదాకా: షెల్టర్ ఒక్కటే సరిపోతుందా?

2011 జనాభా లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, గుడి మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకున్న వాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తమ్మీద 17.7 లక్షల మంది తేలారు. వీళ్లకు ‘నిరాశ్రయులు’ అని పేరు పెట్టి ఊరుకుంటే, వీళ్ల ఆశ్రయం ఎట్లా పోయిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఊళ్లో సెంటు భూమి లేక, వాడలోని గుడిసెకు పట్టా లేక, అప్పులకో దాడులకో పట్నం దారి పట్టిన కుటుంబానికి తిరిగి పోవడానికి ఏమీ మిగలదు. అందుకే దీన్ని కులంతో సంబంధం లేని పేదరికంగా చూడడానికి మేము ఒప్పుకోము.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండే శాశ్వత షెల్టర్లు కట్టాలంది. మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలంది. అక్కడున్న వాళ్లకు పింఛన్, రేషన్, అంగన్‌వాడీ, బడి, బ్యాంకు, గృహ పథకాలు అందేట్టు చూడాలని కూడా ఆ మార్గదర్శకాలే చెప్పాయి. చాప, బల్బు పెట్టడం తేలిక. ఈ రెండో పనే కష్టం.

ఎందుకంటే ఒక్కో ఆఫీసు ఇంకో ఆఫీసు కాగితం అడుగుతుంది. రేషన్ కార్డుకు ఆధార్ కావాలి, ఆధార్‌కు అడ్రసు కావాలి. కుల ధ్రువపత్రానికి సొంతూరి తహశీల్దారు దగ్గరికి పొమ్మంటారు. ఆ తిరుగుడులో కూలి పోతుంది. ఆ పత్రం లేకపోతే దళిత పిల్లకు హాస్టల్ సీటూ లేదు, స్కాలర్‌షిప్పూ లేదు. తల్లిదండ్రుల నిరాశ్రయత బిడ్డలకూ సంక్రమించేది ఇట్లాగే.

సమన్వయం అంటే ఈ ముడి విప్పడం. ప్రతి షెల్టర్లో ఒక మనిషికి ఆ బాధ్యత అప్పజెప్పాలి. కుటుంబానికో పుస్తకం పెట్టి ఏ కాగితం ఎక్కడ ఆగిందో రాయాలి. చట్టాలు ఇచ్చిన వెసులుబాటును వాడుకోవాలి. ఓటరు నమోదుకు నిరాశ్రయులు అడ్రసు రుజువు చూపనక్కర్లేదు. బూత్ లెవల్ అధికారే రాత్రిపూట వచ్చి, చెప్పిన చోట పడుకుంటున్నారో లేదో చూడాలి. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చెల్లదు. క్షయ మందులు నెలల తరబడి ఆపకుండా మింగాలి కాబట్టి, రోగిని అక్కణ్ణించి తరిమేస్తే వైద్యం కూడా తెగిపోతుంది. ఆ సంగతి పోలీసులకు, ఆరోగ్య కార్యకర్తకు ఇద్దరికీ తెలిసుండాలి.

ప్రభుత్వ శాఖలకు కలిసి పనిచెయ్యడం చేతకాక కాదు. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీది వాళ్లను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి తరలించారు. పోలీసు శాఖ, జైళ్ల శాఖ చెయ్యీ చెయ్యీ కలిపాయి. రోడ్డు ఖాళీ చెయ్యడానికి కుదిరిన ఆ పొత్తు, మనిషిని ఇంటికి చేర్చడానికి ఎందుకు కుదరదు?

ఈ ప్రశ్నతో మున్సిపల్ ఆఫీసుకు పోవాల్సింది మనమే. టీచర్లు షెల్టర్ పిల్లల్ని బడిలో చేర్పించగలరు. విద్యార్థులు దరఖాస్తులు రాసిపెట్టగలరు. సంఘాలు ఆ పుస్తకాల్లో ఆగిన ప్రతి కాగితం వెంటా పడగలవు. ఎంతమంది షెల్టర్లో పడుకున్నారన్న లెక్కతో తృప్తిపడొద్దు. ఎంతమంది సొంత తాళంచెవితో బయటికి నడిచారో అడగాలి.