వీరగల్లు మొదలు సంస్మరణ దినం వరకు

రాయలసీమలోని అనేక గ్రామాల పొలిమేరల్లో వీరగల్లులు కనిపిస్తాయి. ఆలమందలను తరలించుకొని పోవచ్చిన వారిని ఎదిరించి, ఊరిని కాపాడుతూ నేలకొరిగిన వారికి పూర్వులు నిలిపిన శిలలవి. వాటిపై చెక్కిన వారిలో పెక్కుమంది సామాన్యులే. ఊరి కోసం మరణించినవారిని ఊరే తలచుకోవాలన్న భావన ఈ సీమకు కొత్తది కాదు.

1990వ దశకంలో కడప జిల్లా ఎస్పీగా పనిచేసి, ముఠాకక్షలను అణచడంలో ఖ్యాతిగాంచిన అధికారి ఉమేశ్ చంద్ర. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదులోని సంజీవరెడ్డినగర్ కూడలిలో ఆయన కారు ఆగి ఉండగా పీపుల్స్ వార్ నక్సలైట్లు కాల్పులు జరిపారు. ఆయుధం లేకున్నా దుండగులను వెంబడించిన ఆయన వారి తూటాలకే బలయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏండ్లు. ఆ కూడలిలో ఆయన విగ్రహం వెలసింది. కడపలో పోలీసుల కల్యాణ మండపానికి ఆయన పేరు పెట్టారు. మంగళవాద్యాలు మ్రోగే చోట ఒక అమరుని పేరు నిలవడం చిత్రంగా తోచవచ్చు. కాని ఏడాదికొకసారి పూలమాల వేసే విగ్రహం కంటె, శుభలేఖల మీద ఇంటింటికీ చేరే పేరే ఎక్కువగా ప్రజల నోట మెలగుతుంది.

ఆనాడు ఆయనతోపాటు ఆయన అంగరక్షకుడు, డ్రైవరు కూడా ప్రాణాలు కోల్పోయారు. వారి పేర్లు ఎందరికి తెలుసు?

ఈ లోటును కొంతవరకు తీర్చేది అక్టోబరు 21న జరిగే పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది కేంద్ర రిజర్వు పోలీసులు మరణించారు. నాటి స్మృతి క్రమంగా విధినిర్వహణలో అసువులు బాసిన పోలీసులందరి స్మృతిగా విస్తరించింది. కర్నూలులోనూ, కడపలోనూ కవాతు మైదానంలో తుపాకులను తలక్రిందులు చేసి, మౌనం పాటిస్తారు. ఆ ఏడాది మరణించినవారి పేర్లు చదువుతారు. ఆ పట్టికలో కానిస్టేబులు పేరు అధికారి పేరు సరసనే వినబడుతుంది.

మరి ఏ పట్టికలోనూ చేరని పౌరుల మాటేమిటి? మన ప్రాంతం నుండి చదువుల కోసం హైదరాబాదుకు వెళ్లిన విద్యార్థులకు కోఠి పుస్తకాల అంగళ్లు సుపరిచితాలు. ఆ కోఠిలోని గోకుల్ చాట్ వద్ద, లుంబినీ పార్కులో 2007 ఆగస్టు 25 సాయంత్రం బాంబులు పేలి నలభై మందికి పైగా మరణించారు. మహారాష్ట్ర నుండి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు కూడా ఆ మృతులలో ఉన్నారు. తరువాతి సంవత్సరాలలో బాధిత కుటుంబాలు, స్థానికులు గోకుల్ చాట్ వద్ద కొవ్వొత్తులు వెలిగించి నివాళులర్పించారు. ప్రక్కనే వ్యాపారం యథావిధిగా సాగింది. దానిని తప్పుపట్టనక్కరలేదు. భయపడి వీధి మూతపడితే దాడి చేసినవారు కోరినదే జరిగినట్లగును.

2001 సెప్టెంబరు 11 నాటి దాడిలో మరణించిన దాదాపు మూడు వేలమంది పేర్లను న్యూయార్కులో ఏటా వారి బంధువులే చదువుతారు. అందుకు కొన్ని గంటలు పట్టినా ఏ ఒక్క పేరునూ విడువరు. మనవద్ద సామాన్య మృతుల పేర్లు ఎక్కువగా ఇంటి గోడల మధ్యనే వినబడతాయి. ముస్లిం ఇండ్లలో ఫాతిహా చదువుతారు. క్రైస్తవులు ప్రార్థన జరుపుతారు. హిందువుల ఇండ్లలో సంవత్సరీకం తేదీని బట్టి కాక తిథిని బట్టి వస్తుంది. అందువలన ఒకే మరణానికి ఏటా రెండు దినాలు ఏర్పడతాయి. ఒకటి పత్రికలు గుర్తుచేసేది, రెండవది పంచాంగం చూచి ఇల్లాలు గుర్తుంచుకొనేది. అవి మరల ఒకేరోజున కలియడానికి సుమారు 19 ఏండ్లు పడుతుంది.