ఇష్టవీరుని బొమ్మ



పట్టణములలోనే కాదు, నేడు పల్లెలలోను పిల్లల గూటిలో చిన్న ప్లాస్టిక్ బొమ్మలు వరుసగా నిలిచియుండుట మీరు చూచియే యుందురు. ఒకదానికి వీపున ఉత్తరీయము వ్రేలాడుచుండును. ఒకదానికి మొగమున ముసుగు. ఇంకొకదానికి చేత తుపాకి. వాని మెడ, భుజములు, మోచేతులు, మోకాళ్ళు కదలును. వీనికి యాక్షన్ ఫిగర్లని పేరు. కొందఱు బాలురును, యువకులును అంగడిలో కొన్న యిట్టి బొమ్మను విప్పి, కోసి, దానికి ముద్ద లంటించి, రంగు మార్చి, తమ కిష్టమైన వేఱొక పాత్రగా చేసికొనుచున్నారు. సొమ్మిచ్చి కొన్న వస్తువును చెఱచుచున్నాడని పెద్దలు కోపగించుట సహజమే. అయితే అది చెఱచుట కాదనియు, అందు శ్రద్ధగల పని యున్నదనియు, ఆ పనికి పెద్దల సాయము మిక్కిలి యవసరమనియు నా యభిప్రాయము. ఆ విషయమునే యిప్పుడు మనవి చేసెదను.

ముందుగా ఈ బొమ్మల పుట్టుకను గూర్చి నాలుగు మాటలు. 1959వ సంవత్సరమున అమెరికాలో మాటెల్ కంపెనీవారు బార్బీ యను ఆడబొమ్మను అమ్మసాగిరి. దానికి ఉడుపులు మార్చి మార్చి తొడుగుటయే ఆట. అట్టి బొమ్మ మగపిల్లలకును ఉండవలెనని హాస్‌బ్రో కంపెనీవారు 1964వ సంవత్సరమున జి.ఐ. జో యను సైనికుని బొమ్మను తెచ్చిరి. దాని యెత్తు సుమారు 12 అంగుళములు. బొమ్మలతో ఆడుట ఆడపిల్లల పని యను తలంపు ఆ దేశమునను కలదు గనుక, వారు దానిని బొమ్మ యని పిలువక యాక్షన్ ఫిగర్ అని పేరు పెట్టిరి. చేష్టలు గల ఆకారమని దాని భావము. చిత్రకారులు నమూనాగా నుంచుకొను కీళ్ళ కొయ్యబొమ్మను చూచి, దానిని తయారుచేయించిన డాన్ లెవీన్ అనునాయనకు ఈ యూహ తట్టినదని చెప్పుదురు.

పిమ్మట 1977వ సంవత్సరమున స్టార్ వార్స్ అను చలనచిత్రము వెలువడెను. దాని పాత్రల బొమ్మలను చేయుటకు కెన్నర్ కంపెనీవారు ఒప్పుకొనిరి గాని, ఆ యేటి క్రిస్మస్ పండుగనాటికి బొమ్మలు సిద్ధము కాలేదు. అప్పుడు వారు బొమ్మలు లేని అట్టపెట్టెలో ఒక చీటి నుంచి యమ్మిరి. ఆ చీటిని పంపినవారికి 1978లో బొమ్మలు తపాలాద్వారా చేరెను. పిల్లలకు తమ యిష్టవీరుని చేతిలో నుంచుకొనవలెనను కోరిక యెంత గాఢమైనదో ఆ యొక్క సంగతి చాటుచున్నది. నాటినుండి చలనచిత్రమును బొమ్మయు జంటగా నడచుచున్నవి. మన దేశమునను ఫన్‌స్కూల్ కంపెనీవారు జి.ఐ. జో బొమ్మలను తయారుచేసి విక్రయించిరి.

కీళ్ళబొమ్మ మనకు క్రొత్తది కాదు. మన తోలుబొమ్మలాటలో రాముని చేయి ఎత్తినప్పుడు మోచేయి విడిగా కదలుట మీరు చిన్ననాట చూచినదే. శుద్ధిచేసిన మేకతోలును అవయవములుగా కత్తిరించి, కీళ్ళకడ దారముతో ముడివైచి కూర్చుదురు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటయందు ఈ విద్య నేటికిని బ్రతికియున్నది. ఆ యూరి కళాకారులగు దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదము లభించెను. విజయవాడ సమీపమున కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో చేయు బొమ్మలకు కీళ్ళు కదలవు గాని, అవియు ఒక్క దుంగనుండి చెక్కినవి కావు. తల, చేతులు వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపై రంగులు వేయుదురు. విడిభాగములను అతికించుట, ముద్దతో నింపుట, పూతవేసి రంగు దిద్దుట అను నీ మూడు పనులే మన మనుమడు నేడు ప్లాస్టిక్‌తో చేయుచున్నాడు.

మఱి అంగడిలో ఇన్ని బొమ్మలుండగా తానుగా చేసికొన నేల? కంపెనీవారు బొమ్మకు ముందుగా ఉక్కుతో అచ్చు చేయింపవలెను. దానికి పెద్ద మొత్తము పట్టును. వేలకొలది బొమ్మలు అమ్ముడుపోయిననే ఆ ఖర్చు గిట్టును. కావున లోకమంతట విక్రయము గల వీరులకే వారు అచ్చు పోయుదురు. మన పిల్లల గూటిలో అమెరికా, జపాను దేశముల వీరులు నిండియుండి, మన ఘటోత్కచుడు లేకుండుటకు కారణ మిదియే. అచ్చులేని వీరుని చేతితో చేసికొనవలసినదే గాని వేఱు దారి లేదు.

ఆ ఘటోత్కచునే ఉదాహరణముగ గైకొందము. 1957వ సంవత్సరమున విజయావారు నిర్మించిన మాయాబజార్ చిత్రమున ఎస్.వి. రంగారావుగారు ధరించిన ఘటోత్కచ పాత్రను ఎఱుగని పెద్దలు మనలో నుండరు. ఆ రూపమును బొమ్మగా చేయుటెట్లో క్రమముగా చెప్పెదను.

మొదటిపని చూచుట. కత్తి పట్టకముందు చిత్రమును మరల చూచి, నిలుచు తీరు, కిరీటపు టాకారము, మీసపు తీరు, ఆభరణములు, గద పట్టు విధము కాగితముపై వ్రాసికొనవలెను. ముందునుండి యెట్లుండునో, ప్రక్కనుండి యెట్లుండునో రెండు చిత్తుబొమ్మలు గీసికొనుట మేలు.

రెండవపని కొలత. ఆఱడుగుల మనుష్యుని ఆఱంగుళముల బొమ్మగా చేయునప్పుడు అడుగునకు అంగుళమని లెక్క. మూడడుగుల గద మూడంగుళములు కావలెను. పండ్రెండంగుళముల బొమ్మ యైనచో అడుగునకు రెండంగుళములు. ఈ లెక్క తప్పినచో ఎంత చక్కగా రంగు వేసినను గద రోకలివలెనో పుల్లవలెనో కానవచ్చును. ఘటోత్కచుడు రాక్షసుడు గనుక తక్కిన బొమ్మలకంటె ఒక యంగుళ మెక్కువ యుండుట యొప్పును.

మూడవపని దేహము నేరుట. క్రొత్తబొమ్మ కొననక్కఱలేదు. చేయి విఱిగి మూల పడియున్న మల్లయోధుని బొమ్మ యొకటి చాలును. ఛాతి వెడల్పుగ, తొడలు బలముగ నుండవలెను. తలగాని చేయిగాని వేఱొక బొమ్మనుండి తెచ్చి అమర్పదలచినచో, ఆ కీలును బాగుగ కాగిన నీటిలో ఒకటి రెండు నిమిషము లుంచిన మెత్తని ప్లాస్టిక్ సడలును. అప్పుడు మెల్లగ లాగిన ఊడివచ్చును; క్రొత్తదానిని అట్లే వేడిచేసి దూర్పవచ్చును. వేడినీటి పని పెద్దలే చేయవలెను. ప్లాస్టిక్‌ను నిప్పుపై మాత్రము కాల్పరాదు. దాని పొగ ఊపిరితిత్తులకు హాని చేయును.

నాలుగవపని ముద్దతో రూపు దిద్దుట. ఇందులకు పరదేశములలో వేఱువేఱు ఎపాక్సీ ముద్దలు వాడుదురు. మన యూళ్ళలో నీటిగొట్టము కారునప్పుడు అంటించు ఎం-సీల్ ఆ జాతిదే. రెండు ముద్దలను సమభాగములుగ తీసికొని, రంగు ఏకమగువఱకు పిసికి, గట్టిపడకముందే పని ముగింపవలెను. వ్రేళ్ళకు తొడుగు లేక తాకరాదు. కొందఱి చర్మమునకు అది పడదు. సూదిమొన, పండ్లుకుట్టుకొను పుల్ల, కొంచెము నీటితడి, ఇవియే పనిముట్లు. కిరీటమును, మీసమును, కడియములను పలుచని పొరలుగ పెట్టి, ఒక పొర గట్టిపడిన పిదప రెండవది పెట్టవలెను. కీళ్ళకడ ముద్ద యంటకుండ చూచుకొనవలెను. అంటినచో చేయి కదలదు. కదలనిది ఈ జాతి బొమ్మ కానేరదు. గదకు శ్రమ యక్కఱలేదు. ఒక చిన్న వక్కకు తొలుచి వెదురుపుల్ల గ్రుచ్చిన చాలును. పంచెకు పాత పట్టుగుడ్డ పీలిక సరిపోవును. నేత సన్ననిదిగ నుండవలెను, ముతకగుడ్డ చిన్నబొమ్మపై గోనెవలె నుండును.

ఐదవపని నునుపుచేసి రంగు వేయుట. రాత్రి గడచిన పిదప ముద్దను ఉప్పుకాగితముతో నీళ్ళు చిలుకరించుచు రుద్దవలెను. పొడిగ రుద్దినచో దుమ్ము ముక్కున పోవును. సబ్బునీటితో కడిగి ఆఱబెట్టి, మొదట ప్రైమర్ పూత వేయవలెను. కొండపల్లి బొమ్మకు సున్నమెట్టిదో దీనికి ప్రైమర్ అట్టిది. అది లేక రంగు నిలువదు. తలుపులకు వేయు నూనెరంగులు కొన్ని మెత్తని ప్లాస్టిక్‌పై ఎన్నాళ్ళకును ఆఱక జిగటగనే యుండును. కావున నీటితో కలుపు ఆక్రిలిక్ రంగులను పలుచగ రెండు మూడు మాఱులు వేయుట మంచిది. శిల్పులు విగ్రహమునకు నేత్రోన్మీలనము కడపట చేయునట్లు కన్నులు కడపట దిద్దవలెను. రెండు కనుపాపలును ఒక్కదిక్కు చూడవలెను. తుదకు రంగు ఊడకుండ మెఱుపులేని పారదర్శకపు పూత నొకదానిని వేయుదురు. ఇట్టి బొమ్మలను పాలుత్రాగు పిల్లలకు అందనీయరాదు. చిన్నభాగములను నోట పెట్టుకొనిన ప్రమాదము.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. దీనికంటె ముఖ్యమైన దింకొకటి కలదు.

రంగులు వేయు దినమున మా మనుమనికి ఒక చిక్కు వచ్చెను. మాయాబజార్ నలుపు తెలుపుల చిత్రము. 2010వ సంవత్సరమున దానికి రంగులద్ది మరల విడుదల చేసిరి గాని, ఆ రంగులు తరువాతివారు ఊహించి వేసినవి. “తాతయ్యా, ఘటోత్కచుని పంచె ఏ రంగు?” అని వాడు అడిగెను. నేను చిన్ననాట చూచిన నాటకములను తలచుకొని, రాక్షసపాత్రలకు ఎట్టి ముదురురంగులు వేయుచుండిరో చెప్పితిని. వాడంతటితో విడువలేదు. ఘటోత్కచుడు రాక్షసుడైనచో పాండవుల పక్షమున నేల యుండెను? భీమునకును హిడింబకును పుట్టినవాడని చెప్పితిని. ఆయన కడకేమాయె నని అడిగెను. కర్ణుడు అర్జునునికై దాచుకొనిన శక్తిని ఘటోత్కచునిపై ప్రయోగింపవలసివచ్చెననియు, ఆయన మరణముచే అర్జునుని ప్రాణము నిలిచెననియు చెప్పితిని. వాడు చేతిలోని కుంచె దించి, కొంతసేపు ఆ బొమ్మవంక చూచుచు నూరకుండెను. అంతకుముందు కథ చెప్పెదను రమ్మని పిలిచినను రాని బాలుడు, ఆ సాయంకాలము నన్ను లేవనీయలేదు.

బొమ్మ చేయువానికి సమాచారము కావలెను. గద కుడిచేతనా, ఎడమచేతనా? కిరీటము గుండ్రనిదా, కోపుదేఱినదా? పెండ్లివంటకముల ముందు కూర్చుండబెట్టవలెనా, యుద్ధమునకు నిలుపవలెనా? కొన్న బొమ్మతో ఆడువానికి ఈ ప్రశ్నలు పుట్టవు. అవి యన్నియు కంపెనీవారే తీర్చి పంపుదురు. తానై చేయువానికి అడుగడుగున పుట్టును. వానికి ఉత్తరువు చెప్పగలవారు, తెఱమీద బొమ్మలాటను, రచ్చపై నాటకమును, చలనచిత్రశాలలో మాయాబజారును చూచిన మీవంటివారే. పిల్లవానికి చేయి కలదు, మీకు జ్ఞాపకము కలదు. మీ జ్ఞాపకము వాని చేతికి అందకపోయినచో, మన వీరులు మనతోనే ముగియుదురు.

ఒక హెచ్చరిక. ఇట్లు ఇంట ఒకటి రెండు బొమ్మలు చేసి గూటిలో నుంచుకొనుట వేఱు; ఇతరులకు హక్కుగల పాత్రలకు నకళ్ళు తీసి అమ్ముట వేఱు. వ్యాపారము చేయదలచినవారు హక్కుదారుల అనుమతి పొందవలెను. పురాణపాత్రలను తమ సొంత యూహతో రూపించువారికి ఈ చిక్కు లేదు.

కావున మహాశయులారా, మీ యింట బాలుడు విఱిగిన బొమ్మను ముందిడుకొని కూర్చున్నచో గద్దింపకుడు. కత్తి పదునును, వేడినీటిని మీరు కనిపెట్టి యుండుడు. వాడు చేయదలచిన వీరు డెవ్వడో యడుగుడు. పేరు విదేశీయమైనను విసుగుకొనక, ఆ వీరుని కథను వానిచే చెప్పించుకొనుడు. పిదప మీ వీరుని కథ నొకదానిని వానికి చెప్పుడు. తరువాతి బొమ్మ ఎవరిదగునో వాడే నిర్ణయించుకొనును.