పోస్ట్‌డాక్ ప్రకటనను చివరిదాకా చదవండి

‘‘అక్కా, మీ ప్రొఫెసర్‌తో పోస్ట్‌డాక్ కోసం ఒక్క మాట చెప్పండి’’ అని హైదరాబాద్, వరంగల్, తిరుపతి నుంచి జూనియర్లు మెసేజ్‌లు పెడుతుంటారు. నేను పనిచేసే స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీలో మాట సాయంతో జరిగే పని కాదిది. 1477లో మొదలైన ఈ యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన; ఇక్కడ అది సాధారణంగా ఉద్యోగం. దానికి ప్రకటన, గడువు, అర్హతలు, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. స్వీడన్ యూనివర్సిటీలు ఖాళీలను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. నార్వేవి యోబ్‌నోర్గె సైట్‌లో, యూరప్ దేశాలవి యురాక్సెస్ సైట్‌లో దొరుకుతాయి. వెతకడం తేలికే. చదవడం దగ్గరే చాలామంది తొందరపడుతున్నారు.

ప్రకటనలో ముందు పని వివరం, తర్వాత తప్పనిసరి అర్హతలు, ఆ తర్వాత ‘ఉంటే మంచిది’ అనేవి ఉంటాయి. మీ దరఖాస్తు లేఖ కూడా అదే వరుసలో నడవాలి. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా విశ్లేషణలో అనుభవం అడిగారనుకోండి. ఏ జీవి మీద చేశారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, ఏ పేపర్‌లో వచ్చింది, ఇవి రెండు వాక్యాల్లో చెప్పేయండి. అందరికీ ఒకే లేఖ పంపితే ఇది కుదరదు.

స్వీడన్ ప్రకటనల్లో, దరఖాస్తు గడువుకు ముందు మూడేళ్లలో పీహెచ్‌డీ పొందినవారికి ప్రాధాన్యం అని ఒక వాక్యం ఉంటుంది. అది చూసే మన ఆడపిల్లలు ఎందరో ఆగిపోతున్నారు. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను. దాని వెంటే ఇంకో వాక్యం ఉంటుంది: అనారోగ్యం వల్లో, పిల్లల కోసమో సెలవులో ఉంటే ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేయవచ్చని. కాన్పు తర్వాత ఇక మనకెందుకులే అనుకున్న వరంగల్ చెల్లి ఒకామెకు ఆ వాక్యం చూపించాను. ఏ నెల నుంచి ఏ నెల దాకా సెలవులో ఉన్నారో లేఖలో తేటగా రాయండి, దాచకండి. నియామక నిర్ణయం నాటికి డిగ్రీ చేతికి రావాలి కాబట్టి వైవా తేదీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి.

ఒప్పుకునే ముందు అది జీతమా, స్టైపెండా అని అడగండి. జీతమైతే సాధారణంగా కనీసం రెండేళ్లు. పెన్షన్, సెలవులు ఉంటాయి. స్టైపెండ్‌పై పన్ను ఉండదు గానీ ఈ రక్షణలు చాలావరకు రావు. పిల్లలతో వచ్చేవాళ్లు ఇది తేల్చుకోకుండా విమానం ఎక్కకూడదు.

ప్రొఫెసర్‌కు నేరుగా రాయాల్సిన సందర్భం ఒకటుంది: యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్. దరఖాస్తుకు ఆ ప్రొఫెసర్ ల్యాబ్ ఒప్పుకోవాలి, ప్రతిపాదన మీరిద్దరూ కలిసి రాయాలి. గడువు మామూలుగా సెప్టెంబరులో వస్తుంది. అందుకని మార్చి, ఏప్రిల్‌లోనే రాయండి. జులైలో స్వీడన్ దాదాపు అంతా సెలవులో ఉంటుంది, జవాబు రాదు.

ఉద్యోగం రాకపోయినా ఒక హక్కు మిగులుతుంది. ప్రభుత్వ కాగితాలను జనం చూడవచ్చని స్వీడన్‌లో 1766లోనే చట్టం చేశారు. యూనివర్సిటీకి వచ్చిన దరఖాస్తులు కూడా ఆ కాగితాల కిందికే వస్తాయి. ప్రకటన నంబరు రాసి, ఎంపికైనవారి దరఖాస్తు పంపమని యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి. దాన్ని మీ లేఖ పక్కన పెట్టుకుని చదవండి.