ఆయతు ఒకటి – అర్థాలు అనేకం

ఖుర్‌ఆన్ ఒక్కటే, దాని వ్యాఖ్యానాలు మాత్రం అనేకం. వీటిని తఫ్సీర్లు అంటారు. ఈ వైవిధ్యం పండితుల చర్చలకే పరిమితమని చాలామంది అనుకుంటారు. అది సామాన్య ముస్లిం ఇంటి పొయ్యి దాకా వస్తుందని నా అభిప్రాయం.

923లో మరణించిన తబరీ, పూర్వులు చెప్పిన అర్థాలను, పరస్పర విరుద్ధమైనవాటిని సైతం, పక్కపక్కనే పొందుపరిచాడు. 12వ శతాబ్దిలో జమఖ్షరీ వ్యాకరణాన్నీ హేతువునూ ఆధారం చేసుకున్నాడు. మన కాలానికి వస్తే, ఖుర్‌ఆన్‌లో ఆజాద్ సర్వమతాల మూల ఏకత్వాన్ని చూడగా, 1942 నుంచి 1972 దాకా 'తఫ్హీముల్ ఖుర్‌ఆన్' రాసిన మౌదూదీ అందులోనే రాజ్యాధికార సిద్ధాంతాన్ని చూశాడు.

ఈ భేదాలకు గ్రంథంలోనే తావుంది. మూడవ సూరాలోని ఏడవ ఆయతు, కొన్ని వాక్యాల అర్థం స్పష్టమనీ కొన్నిటిది గూఢమనీ చెబుతుంది. 'అల్లాహ్' అన్నచోట ఆపి చదివితే ఆ గూఢార్థం దేవుడికే తెలుసు. ఆపకుండా చదివితే జ్ఞానులకూ తెలుసు. రెండు పఠనాలూ ప్రాచీనమైనవే. వ్యాఖ్యానించే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఒక్క విరామం మీద ఆధారపడింది!

ఇక మా గుంటూరు, ప్రకాశం పల్లెల సంగతి. పత్తి ఏకడం కులవృత్తిగా బతికిన దూదేకులవారి ఇంటి భాష తెలుగు. పెద్ద తఫ్సీర్లు అరబ్బీ, ఉర్దూల్లో ఉన్నాయి. చిలుకూరి నారాయణరావు స్వాతంత్ర్యానికి ముందే ఖుర్‌ఆన్‌ను తెలుగు చేసినా, ఊళ్లో చెల్లుబాటయ్యేది తఫ్సీరు చదివినాయన మాటే. ఒకాయన దర్గాకు వెళ్లడం పాపమంటాడు, మరొకాయన పుణ్యమంటాడు. గుంటూరు కాలే మస్తాన్ పేరు బిడ్డకు పెట్టుకున్న కూలీ ఈ ఇద్దరి మధ్యా నలుగుతాడు.

అంతకంటే ఎక్కువగా నలిగేది స్త్రీ. రెండవ సూరా 241వ ఆయతు విడాకులు పొందిన స్త్రీకి 'మతా' ఇవ్వాలంటుంది. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు దాన్ని మనోవర్తిగా గ్రహించింది. కాదు, అది భక్తిపరులకు మాత్రమే చెప్పిన మాట అని ఎదుటిపక్షం వాదించింది. 1986 చట్టం మనోవర్తిని ఇద్దత్ కాలానికి కుదించబోయింది. భార్య భవిష్యత్తుకంతటికీ సరిపడే ఏర్పాటును భర్త ఆ ఇద్దత్‌లోనే చెయ్యాలని 2001లో అదే కోర్టు అన్వయించింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 జూలై 10న, అందరు స్త్రీల మాదిరిగానే ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద మనోవర్తి కోరవచ్చునని తేల్చింది.

ఒక్క పదం మీద ఇన్నేళ్ల వాదం సాగింది. మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లి పిల్లల్ని సాకుతున్న ఒంటరి స్త్రీకి ఆ పదం బియ్యం, బడి ఫీజు. ఆమెకు ఒక అర్థాన్నే వినిపించి, అదే దైవవాక్యమని నమ్మించడం అన్యాయం. భిన్న వ్యాఖ్యానాలన్నీ ఆమె మాట్లాడే తెలుగులో ఆమె ముందుకు రావాలి. ఏది న్యాయమో ఆమే తేల్చుకోగలదు.